మిస్‌ప్రింట్ కార్డులు: ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా ఫ్యాన్సీ షాపుల్లో పదికీ ఇరవైకీ వేలాడదీసి అమ్మే పోకిమాన్ ప్యాకెట్లలో చాలావరకు నకిలీ సరుకే. మన వైపు గుంటలందరి జేబుల్లోనూ ఉండే బంగారు రంగు రేకు కార్డుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. వాటిలో ఒకదాని మీద పేరు తప్పుందనో, రంగు పక్కకు పోయిందనో చూసి ‘మిస్‌ప్రింట్ దొరికింది’ అని ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లు తరచూ కనబడుతుంటారు. నకిలీ కార్డు మీద తప్పుకు పైసా విలువ లేదు. అసలు కార్డు అసలు ప్రెస్సులో తయారవుతున్నప్పుడు జరిగిన పొరపాటుకే కొనేవాళ్లు డబ్బిస్తారు. కాబట్టి ముందు తప్పు వెతకడం కాదు, కార్డు అసలుదో కాదో తేల్చుకోవాలి.

దానికి నాలుగు వస్తువులు చాలు. ఒక డిజిటల్ కాలిపర్, పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్, లైటున్న అరవై రెట్ల జేబు మైక్రోస్కోపు, ఫోన్ టార్చి. వీటితోపాటు ఐదోది ఒకటుంటే పని సగం తేలికవుతుంది: మీరు చూస్తున్న కార్డు ఏ సెట్టుదో (ఒకే పేరుతో కలిపి విడుదల చేసే కార్డుల వరుసను సెట్టు అంటారు) అదే సెట్టుకు చెందిన మామూలు కార్డు. సాదా కార్డులు పదికో ఇరవైకో దొరుకుతాయి. పోల్చి చూడ్డానికి పక్కన జత కార్డు లేకుండా మిస్‌ప్రింట్‌కు పెద్ద మొత్తం పెట్టడం గుడ్డి బేరం.

పోకిమాన్ కార్డులు, మ్యాజిక్ అనే మరో ఆట కార్డులు 63 × 88 మిల్లీమీటర్లు. యూ-గి-ఓ అనే ఆట కార్డు కాస్త చిన్నది, 59 × 86. మందం 0.3 మి.మీ. అటూ ఇటూ. లూప్‌లో చూస్తే బొమ్మలోని రంగులన్నీ చిన్న చిన్న చుక్కలుగా, పువ్వు రేకుల్లా గుమిగూడి ఉంటాయి. అక్షరాలు మాత్రం చుక్కలు లేకుండా నిండు నలుపులో, అంచులు తెగినట్టు ఉండాలి. అక్షరాల్లో కూడా రంగు చుక్కలు కనిపిస్తే అది ఎవరో స్కాన్ చేసి మళ్లీ అచ్చేసిన కార్డు. అంచును పక్క నుంచి చూస్తే అట్ట మధ్యలో సన్నటి గీత ఉంటుంది. పోకిమాన్‌లో అది ముదురు రంగు, మ్యాజిక్‌లో నీలం. టార్చి వెనక పెట్టి చూసినప్పుడు జత కార్డు కంటే ఎక్కువ వెలుతురు బయటికి వస్తే అనుమానించండి. కార్డును వంచి చూసే పరీక్ష, చింపి చూసే పరీక్ష అని వీడియోల్లో చెబుతుంటారు. అమ్ముకోవలసిన కార్డు మీద వాటి జోలికి పోకండి.

తప్పు ఎక్కడ పుట్టింది

మిస్‌ప్రింట్ వ్యాపారమంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఈ తప్పు ఏ మెషిన్ దగ్గర, ఏ దశలో జరిగింది? జవాబు చెప్పగలిగితే కొనండి, చెప్పలేకపోతే వదిలేయండి. కార్డు తయారీ వరుసగా ఇలా జరుగుతుంది. మెరుపు కార్డైతే ముందు అట్ట మీద రేకు పొర. దాని మీద ఆఫ్‌సెట్ అచ్చు: నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఒక్కొక్క ప్లేటు నుంచి. తర్వాత పైన మెరుపు వార్నిష్. తర్వాత పెద్ద షీటును కార్డులుగా కోయడం, మూలలు గుండ్రంగా తీయడం. చివరికి ప్యాకెట్‌లో పెట్టి సీలు వేయడం. మ్యాజిక్ లాంటి ఆటల్లో చాలా సెట్లు 11 వరసలు, 11 నిలువులు, మొత్తం 121 కార్డులున్న షీట్ల మీద అచ్చయ్యాయి.

ఈ వరుస గుర్తుంటే దొంగ తప్పుల్లో ముప్పావు వంతు పట్టేయవచ్చు. ఎందుకంటే ఒక దశలో పొరపాటు జరిగితే ఆ తర్వాతి దశలన్నీ ఆ పొరపాటు మీదుగానే జరిగి ఉండాలి. సిరా పడక ఒకచోట తెల్లగా మిగిలిందనుకోండి. వార్నిష్ ఆ తర్వాత వేసేది కాబట్టి తెల్ల మచ్చ మీద కూడా మెరుపు ఉండాలి. కార్డును కిటికీ వెలుగులో కంటికి సమాంతరంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. కాంతి గీత మచ్చ మీదుగా అడ్డంకి లేకుండా జారిపోతే మంచిదే. మచ్చ దగ్గరికొచ్చేసరికి కాంతి చచ్చిపోయి, పక్కకు వెళ్లాక మళ్లీ వెలిగితే ఎవరో అసిటోన్‌తోనో థిన్నర్‌తోనో తుడిచారు. మైక్రోస్కోపు పెడితే అక్కడ కాగితపు పీచు లేచి, పీచు సందుల్లో రంగు మరకలు మిగిలి ఉంటాయి. ప్రెస్సులో సిరా పడని చోట పీచు లేవదు, మరక ఉండదు.

మడత కూడా అంతే. అచ్చుకు ముందే షీటు మడత పడి ఉంటే, మడత విప్పినప్పుడు లోపల అచ్చుపడని తెల్లటి పట్టీ కనిపించాలి. మడత గీత మీద రంగు పగిలి ఉంటే అచ్చు అయ్యాక, అంటే చాలాసార్లు ఎవరి జేబులోనో పడిన మడత అది.

రకాలు, వాటి పట్ల జాగ్రత్తలు

రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోక నీడలా రెండు బొమ్మలు కనిపించడం పాత రకం తప్పు. కాస్త జరిగితే ఎవరూ పట్టించుకోరు. చదవడానికి ఇబ్బందయ్యేంత, చేయి చాచినంత దూరం నుంచి కంటికి తెలిసేంత జరిగితేనే ధర.

ఒక రంగు మొత్తం రాకపోవడం ఖరీదైన తప్పు. అందుకే మోసమూ ఎక్కువ. మన ఊళ్ల ఎండ చాలు ఈ మోసానికి. కార్డును కొన్ని వారాలు ఎండలో ఉంచితే ముందు పసుపు, ఎరుపు వెలిసిపోయి నీలం, నలుపు మిగులుతాయి. దాన్నే ‘పసుపు మిస్సింగ్’ అని అమ్ముతారు. తేడా మైక్రోస్కోపులో తెలుస్తుంది. ప్లేటు నుంచి పసుపు రాకపోతే కార్డు మీద ఎక్కడా ఒక్క పసుపు చుక్క ఉండదు, ఎరుపు మాత్రం పూర్తి బలంతో ఉంటుంది. ఎండకు వెలిసిన దానిలో పాలిపోయిన చుక్కలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి, ఎరుపు కూడా సగం చచ్చి ఉంటుంది. ఇంగ్లీషు పోకిమాన్ కార్డుల అంచు 2023లో స్కార్లెట్ అండ్ వయొలెట్ సిరీస్‌తో బూడిద రంగుకు మారింది. అంతకుముందు వాటికి పసుపు అంచు. పసుపు నిజంగా రాని పాత కార్డుకు ఆ అంచులో పసుపు ఛాయే ఉండకూడదు. అంచు లేత పసుపులో వెలవెలబోతుంటే మీరు చూస్తున్నది ఎండ పని.

ప్లేటు మీదికో ప్లేటుకూ షీటుకూ మధ్యకో ఏదైనా అడ్డొస్తే అక్కడి సిరా ఆగిపోతుంది. అమెరికా బేస్‌బాల్ కార్డుల్లో టాప్స్ కంపెనీ 1990లో వేసిన ఫ్రాంక్ థామస్ కార్డు మీద ఆటగాడి పేరే లేకపోవడం అలాంటిదే. దాని పక్క కార్డుల్లో కూడా నల్ల గీతలు అక్కడక్కడా తెగిపోయి దొరికాయి, షీటు మీద అడ్డు ఎంత మేర పడిందో వాటిని కలిపి చూస్తే తెలిసింది. ఇది పెద్ద ఆధారం. ఒకే తప్పు తాలూకు పక్క ముక్క ఇంకెవరి దగ్గరైనా ఉంటే రెండు కార్డుల నిజాయితీకీ అదే సాక్ష్యం. దుమ్ము రేణువు పడి ఏర్పడే చిన్న తెల్ల వలయాలు, మధ్యలో చుక్కతో, వందల షీట్ల మీద అదే చోట పడతాయి. చాలా మామూలు. నాలుగైదు రూపాయలు ఎక్కువివ్వడానికి కూడా అవి సరిపోవు.

మెరుపు కార్డుల్లో రేకు అంచుల్లోకి పాకడం అందంగా ఉంటుంది కానీ విరివిగా దొరుకుతుంది. మెరవాల్సిన కార్డు మెరవకుండా వస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. పోకిమాన్ థీమ్ డెక్కుల్లో, అంటే ఆడుకోవడానికి సిద్ధంగా అమ్మే కార్డుల కట్టల్లో, కొన్ని మెరుపు కార్డుల సాదా రూపాలు కంపెనీయే కావాలని పెట్టింది. మీ చేతిలోది అలాంటిదైతే అది తప్పు కాదు, సాదా కార్డే.

కోతలో జరిగే తప్పులు అన్నిటికంటే సులువుగా అమ్ముడుపోతాయి, ఎందుకంటే ఫోటోలో ఒక్క చూపులో తెలుస్తాయి. ఎడమ అంచు 4 మి.మీ., కుడి అంచు 2 మి.మీ. ఉంటే అది 67/33 సెంటరింగ్, అంటే రెండు అంచులు మొత్తంలో పంచుకున్న శాతాలు. అది మిస్‌కట్ కాదు, సెంటరింగ్ బాగాలేని కార్డు మాత్రమే, మామూలు దానికంటే తక్కువకే పోతుంది. పక్క కార్డు బొమ్మో, షీటు అంచున ఉండే రంగు గుర్తులో ఈ కార్డులోకి వచ్చినప్పుడే మిస్‌కట్ అంటారు. ఎంత వస్తే అంత ధర. ఇక్కడి మోసం కత్తెర. పెద్దగా కోసిన కార్డునో, బయటికొచ్చిన షీటునో ఇంట్లో కోసి పెడతారు. నిజమైన మిస్‌కట్‌లో బొమ్మ జరుగుతుంది, కొలత సాధారణంగా మారదు. బ్లేళ్ల మధ్య దూరం ఒకటే కాబట్టి 63 × 88 అలాగే ఉంటుంది. కాలిపర్‌లో ఒక వైపు 62.2 వస్తే, మూలల గుండ్రం నాలుగూ ఒకేలా లేకపోతే, అంచు జత కార్డు అంచు కంటే తెల్లగా పదునుగా కనిపిస్తే కొనొద్దు. నాలుగు మూలలూ చతురస్రంగా ఉన్న కార్డు చాలాసార్లు ఎవరో షీటు నుంచి చేత్తో కోసిందే.

ముందొక కార్డు, వెనక వేరే ఆట వీపు ఉందంటే మరీ జాగ్రత్త. రెండు కార్డులను పొరలుగా చీల్చి అతికించేవాళ్లున్నారు. మందం, బరువు జత కార్డుతో పోల్చండి. అంచు మధ్య గీత వంకరగా ఉందేమో, జిగురు మెరుస్తుందేమో మైక్రోస్కోపుతో చుట్టూ చూడండి.

ప్యాకెట్ సీలు వేసే పళ్ల మధ్య కార్డు ఇరుక్కుంటే పై అంచునో కింది అంచునో సమాన దూరంలో సమాంతర గీతలు పడతాయి. దీన్ని క్రింప్ అంటారు. ప్లయర్‌తో ఇంట్లో నొక్కిన దానికి గీతల దూరం ఒకేలా ఉండదు, అవి చివర్లో చెదిరిపోతాయి, ఒక వైపు మాత్రమే లోతుగా పడతాయి. అదే ప్యాకెట్ కవరు కూడా దాచి ఉంచితే కవరు మీది గీతలు కార్డు గీతలతో సరిపోతాయి. క్రింప్ కార్డు కొనేటప్పుడు కవరు ఉందా అని అడగండి. మీకే దొరికితే కవరు పారేయకండి.

తప్పే, కానీ అరుదు కాదు

కొత్తగా దిగినవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. తప్పు నిజమే, కార్డు అసలుదే, కానీ ఆ సెట్టులోని కార్డులన్నింటి మీదా అదే తప్పు ఉంటుంది. పోకిమాన్ బేస్ సెట్ అనే సెట్టులో వల్పిక్స్ పాత్ర కార్డు మీద, దాని ప్రాణ బలం చెప్పే ‘50 హెచ్‌పీ’ అని ఉండాల్సిన చోట ‘హెచ్‌పీ 50’ అని తిరగబడి ఉంది. ఆ సెట్టులో దొరికే వల్పిక్స్ అదే. 1994లో వచ్చిన మ్యాజిక్ రివైజ్డ్ సెట్టులో సెరెండిబ్ ఎఫ్రీట్ అనే కార్డుకు బొమ్మ చుట్టూ నీలం బదులు ఆకుపచ్చ చట్రం, మరో కార్డు బొమ్మ పడ్డాయి. ఆ కార్డుకు వేరే కారణాల వల్ల గిరాకీ ఉండొచ్చు కానీ తప్పు కోసం అదనంగా ఇవ్వక్కర్లేదు.

సెట్టు మధ్యలో సరిచేసిన తప్పులు వేరు. 1999లో వచ్చిన పోకిమాన్ జంగిల్ సెట్టులో 16 మెరుపు కార్డులూ కొన్ని కాపీల్లో సెట్టు గుర్తు లేకుండానే బయటికొచ్చాయి. బేస్ సెట్ నైన్‌టేల్స్ కార్డుల్లో కొన్నిటికి దాడి పక్కన ఉండాల్సిన 80 అంకె లేదు. ఇలా తప్పుదీ సరైనదీ రెండూ ఉన్నప్పుడే తేడాకు ధర పుడుతుంది. ఇవి అందరికీ తెలిసినవి కాబట్టి ధర చూసుకోవడం కూడా తేలిక. చేయి తిరిగేదాకా వీటితో మొదలుపెట్టడమే మేలు.

కొనే పద్ధతి

అమ్మే మనిషిని ముందు ఫోటోలు అడగండి: ముందు వైపు, వెనుక వైపు, నాలుగు అంచులు, తప్పు దగ్గరగా, జత కార్డు పక్కన పెట్టి ఒకటి. పక్కన చీటీ మీద మీ పేరు, ఆ రోజు తేదీ చేత్తో రాసి కార్డుతో కలిపి తీయమనండి. ఇవ్వనంటే బేరం అక్కడితో సరి. కార్డును వెలుగులో తిప్పుతూ పది సెకన్ల వీడియో కావాలనండి, వార్నిష్ సంగతి అందులోనే తేలిపోతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చుక్కలన్నీ ముద్దయిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి.

యూపీఐతో ఒకసారి పంపిన డబ్బుకు కొనుగోలుదారుడి రక్షణ లాంటిదేమీ లేదు. మీట నొక్కితే పోయినట్టే. గ్రూపుల్లో కొనేటప్పుడు ఆ మనిషితో ఇంతకుముందు బేరం చేసిన ఇద్దరు ముగ్గురిని విడిగా అడగండి. పెద్ద మొత్తమైతే ఇద్దరూ నమ్మే మధ్యవర్తి చేతికి ముందు కార్డు చేరి, ఆయన చూశాక డబ్బు కదిలేలా మాట్లాడుకోండి. రానూపోనూ పోస్టు ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి, తర్వాత తగువులన్నీ దాని మీదే. ఈబేలో విదేశం నుంచి కొంటే కస్టమ్స్ సుంకం, పోస్టు కలిపి ధర లెక్క వేయండి. కార్డు చవగ్గా కనిపించి, ఇంటికి చేరేసరికి అసలుకే ఎసరు పెట్టే కొనుగోళ్లు ఇవే.

ఊళ్లో కొనుగోలుకు ఒక మాట. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పెట్టెల్లో మంచి కార్డులుంటాయి, అవి పిల్లల చేతుల్లో ఉంటాయి. పిల్లాడి దగ్గర నేరుగా కొనకండి. వాళ్ల అమ్మకో నాన్నకో ఫోన్ చేసి, దీని విలువ మామూలు కార్డు కంటే ఎక్కువని చెప్పి మరీ కొనండి. ఊరు చిన్నది, మాట పెద్దది.

ధర ఎలా వేయాలి

మిస్‌ప్రింట్‌కు ధరల పట్టిక లేదు. ఈబేలో అడిగే ధరలు చూసి మురిసిపోవద్దు; ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెట్టి నిజంగా అమ్ముడైనవే చూడండి. మీ కార్డు దొరకదు, కాబట్టి అదే రకం తప్పు, దాదాపు అంతే తీవ్రత ఉన్నవి వెతకండి. తర్వాత మూడు సంగతులు కలపండి: మామూలు కార్డు ధర ఎంత, తప్పు ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, కార్డు మీద ఎవరున్నారు. పికాచు, చారిజార్డ్ మీద పడిన మామూలు తప్పు ఎవరికీ పట్టని పాత్ర మీది పెద్ద తప్పు కంటే త్వరగా పోతుంది. క్రికెట్ కార్డుల్లో, ఉదాహరణకు టాప్స్ ఐపీఎల్ క్రికెట్ ఎటాక్స్‌లో, మిస్‌కట్‌లు దొరికినా వాటికి కొనేవాళ్లు తక్కువ. పాత డబ్బాలో దొరికితే దాచుకోండి, డబ్బు పెట్టి పోగు చేయొద్దు.

లాభం లెక్క చేత్తో వేసుకోండి. 1,500కు కొన్న కార్డు 2,500కు అమ్మారనుకుందాం. సైటు ఫీజు 13 శాతం అనుకుంటే 325. ప్యాకింగు, పోస్టు 150. మిగిలింది 525. అది కూడా నెలల తరబడి కూర్చున్నాక. కొనేవాళ్లు కొద్దిమందే అయిన సరుకు ఇది, వేలం వేస్తే ఒక్కడే పాడి అడుగు ధరకే పట్టుకుపోవచ్చు. అందరికీ తెలిసిన తప్పులకే వేలం పెట్టండి. మిగతావాటికి స్థిర ధర పెట్టి, బేరం మాట్లాడుకునే వీలు ఉంచండి. వేలమే అయితే ఏడు రోజులది పెట్టి, మన సోమవారం ఉదయం 7 గంటల ప్రాంతంలో ముగిసేలా చూసుకోండి. అప్పుడు అమెరికాలో ఆదివారం సాయంత్రం, రాత్రి.

గ్రేడింగ్, అంటే ఒక సంస్థకు పంపి కార్డు స్థితికి గ్రేడు వేయించుకోవడం, అన్నిటికీ అక్కర్లేదు. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ మిస్‌కట్‌కు ‘ఎంసీ’, సెంటరింగ్ లోపానికి ‘ఓసీ’, అచ్చు లోపానికి ‘పీడీ’ అని గ్రేడు పక్కన అక్షరాలు వేస్తుంది. మామూలు సేకరణకర్త వాటిని మైనస్‌గా చూస్తాడు, మిస్‌ప్రింట్ సేకరణకర్తకు అదే కావాలి. సీజీసీ అనే మరో సంస్థ లేబుల్ మీద తప్పు పేరు రాయించుకునే వీలుంది కాబట్టి ఈ సరుకుకు ఎక్కువమంది అటు మొగ్గుతారు. మన దేశం నుంచి చాలామంది కార్డులను కలిపి పంపే మధ్యవర్తుల ద్వారా పంపడం, ఫీజు, రెండు వైపులా రవాణా, నెలల నిరీక్షణ అన్నీ కలిపితే ఐదారు వేలలోపు కార్డుకు గిట్టుబాటు కాదు.

ఫోటో, వివరణ

స్కానే మంచిది. జిరాక్స్ షాపులో చేయిస్తే మూత ఎత్తి గాజు మీద పెట్టే స్కానరులో మాత్రమే చేయించండి. కాగితాలను లాక్కునే ఫీడర్‌లో పెడితే కార్డు నడుం విరుగుతుంది. 600 డీపీఐ, కలర్, రంగులు దానంతటదే సరిచేసే సెట్టింగు ఆపేసి. కార్డును గాజు మీద జరపకుండా ఎత్తి పెట్టండి. మెరుపు కార్డుకు స్కాన్‌తోపాటు ఏటవాలుగా తీసిన ఫోటో కూడా కావాలి.

వివరణలో పొగడ్తలు పనికిరావు. ‘చాలా అరుదు’, ‘ప్రపంచంలో ఒక్కటే’ అని రాస్తే తెలిసినవాళ్లు తప్పుకుంటారు. ఇలా రాయండి: ‘పోకిమాన్ జంగిల్ సెట్, పికాచు 60/64, ఇంగ్లీషు. నిలువు మిస్‌కట్, కింద పక్క కార్డు పై అంచు 3 మి.మీ. కనిపిస్తుంది. కొలత 63.0 × 88.0. వెనక కూడా అంతే మేర జరిగింది. పై ఎడమ మూల తెల్లబడింది, మడతలు లేవు. గ్రేడింగ్ చేయించలేదు.’ తప్పుకు సంబంధం లేని గీతలు, తెల్లబడిన మూలలు విడిగా చెప్పాలి. కొన్నవాడు తర్వాత ‘చెప్పినట్టు లేదు’ అని ఫిర్యాదు చేస్తే ఈ నాలుగు ముక్కలే మిమ్మల్ని కాపాడతాయి.

ఈబే ఇండియా సైటు 2018లో మూతపడింది. ఇక్కడి నుంచి అమ్మేవాళ్లు ఈబే అంతర్జాతీయ సైటులోనే పెట్టి, డబ్బు పేయోనీర్ అనే విదేశీ చెల్లింపుల సంస్థ ఖాతా ద్వారా తెచ్చుకుంటారు. వ్యాపారంగా విదేశానికి పంపడానికి ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) నంబరు కావాలి; కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైటులో 500 రూపాయల ఫీజుతో తీసుకోవచ్చు. దేశంలో అమ్మకాలకు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ గ్రూపులే దారి. ధర తక్కువ వస్తుంది, డబ్బు వెంటనే చేతిలో పడుతుంది.

దాచడం, పంపడం

మన తీరంలో గాలి తేమ కార్డులకు శత్రువు. మెరుపు కార్డుల్లో అట్ట తేమ పీలుస్తుంది, రేకు పీల్చదు, అందుకే విల్లులా వంగుతాయి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ సంచులు, చిన్న తేమ మీటరు పెట్టి 45 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. వానాకాలం నుంచి అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా సంచులు తరచూ మార్చాలి. వంగిన కార్డును ఇస్త్రీ పెట్టెతో నొక్కారో, వార్నిష్ పోయినట్టే. బీరువాలో బట్టలతోపాటు పెట్టి కలరా ఉండలు వేసే అలవాటుంటే కార్డులను అక్కడి నుంచి తీసేయండి, నాఫ్తలీన్ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుంటుంది. వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు కూడా వద్దు.

పంపేటప్పుడు ముందు పలచటి స్లీవు (ప్లాస్టిక్ తొడుగు), తర్వాత 3 × 4 అంగుళాల టాప్‌లోడరు, అంటే పై నుంచి కార్డు జార్చే గట్టి ప్లాస్టిక్ కవరు. క్రింప్ కార్డుకు, మడత విప్పిన కార్డుకు మామూలు 35 పాయింటు (పాయింటు అంటే మందం కొలత) టాప్‌లోడరు బిగుతై గీతలను నొక్కేస్తుంది. 55 గానీ 75 గానీ వాడండి. టాప్‌లోడరు మూతికి పెయింటర్లు వాడే కాగితపు టేపు వేసి, కొస మడిచి వదలండి, విప్పడానికి వీలుగా. సెలోటేపు వేస్తే విప్పేటప్పుడు జిగురు కార్డుకు తగులుతుంది. దాన్ని జిప్ కవర్‌లో పెట్టి, గట్టి అట్ట ముక్కలు రెండింటి మధ్య బిగించి బబుల్ కవరులో వేయాలి. మిఠాయి డబ్బా అట్ట మాత్రం వాడొద్దు, ఎంత తుడిచినా నూనె దిగుతుంది. వానల్లో పైన ఇంకో ప్లాస్టిక్ కవరు.

రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి ఇప్పుడు పోస్టాఫీసులో అడగాల్సింది స్పీడ్ పోస్టే. 5 రూపాయలు, జీఎస్టీ అదనంగా కడితే ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతి ఉంది. ఖరీదైన కార్డుకు అది తప్పకుండా పెట్టించండి, విలువకు తగ్గ ఇన్సూరెన్సూ అడగండి. ప్యాక్ చేస్తుండగా కార్డు, చిరునామా, కవరు మూయడం ఒకే వీడియోలో తీయండి. రసీదు మీది ట్రాకింగు నంబరు అవతలివాళ్లకు పంపండి, రసీదు మాత్రం పార్సెలు చేరేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

డబ్బు వచ్చిందా లేదా అన్నది బ్యాంకు యాప్‌లో బ్యాలెన్సు చూసి తేల్చుకోవాలి. స్క్రీన్‌షాటు, ఎస్సెమ్మెస్ రెండూ తయారు చేయగలిగినవే. డబ్బు అందుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేయమని, పిన్ కొట్టమని ఎవరన్నా అది మోసం. పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

అమ్మిన కార్డు వెనక్కి వస్తే వెంటనే డబ్బు తిరిగివ్వకండి. కవరు తెరవడం వీడియో తీసి, పాత స్కాన్ పక్కన పెట్టి పోల్చండి. మామూలు కార్డైతే మార్చి పంపినా గుర్తుపట్టడం కష్టం. మిస్‌ప్రింట్‌తో ఆ బాధ లేదు: సిరా ఎక్కడ ఆగిందో, కోత ఎంత జరిగిందో మిల్లీమీటరుతో సహా మీ స్కాన్‌లో ఉంటుంది. సరిపోతే డబ్బు ఇచ్చేయండి. సరిపోకపోతే రెండు బొమ్మలూ, వీడియో కలిపి సైటుకో మధ్యవర్తికో పంపి, వాళ్లు తేల్చేదాకా వచ్చిన కార్డును తాకకుండా అదే కవరులో ఉంచండి.